పెరిగేది మిల్లీసెకన్లే అయితే 27 సెకన్లు ఎందుకు కలిపారు?

భూమి తిరిగే వేగం తగ్గుతూ శతాబ్దానికి రోజు నిడివి సుమారు 2 మిల్లీసెకన్లే పెరుగుతుంటే, 1972 నుండి 27 లీపు సెకన్లు (గడియారాలను భూమి తిరుగుడుతో సరిపెట్టడానికి అదనంగా కలిపే సెకన్లు) ఎందుకు అవసరమయ్యాయని చిత్తూరు మిత్రులు అడిగారు. పెరుగుదల వేరు, పోగుపడే తేడా వేరండి. తిరుపతిలో మా గోడగడియారం రోజుకు అర నిమిషం వెనకబడుతుంది. ఆ జాప్యం పెరగకపోయినా, నాలుగు రోజులు ముల్లు తిప్పకపోతే రెండు నిమిషాల తేడా వస్తుంది. అలాగే అణుగడియారాల 86,400 సెకన్ల కంటే భూమి రోజు ఆ కాలంలో సగటున మిల్లీసెకనున్నరకు పైగా ఎక్కువ ఉన్నందున సెకన్లు పోగయ్యాయి. చివరి లీపు సెకను మనకు 2017 జనవరి 1న, ధనుర్మాసపు ఉదయం, 5:30కి ముందు కలిసింది.

భూమి మందగమనానికి ముఖ్య కారణం చంద్రుడు: తన ఆకర్షణకు ఉబికిన సముద్రజలాన్ని వేగంగా తిరిగే భూమి కాస్త ముందుకు లాక్కుపోగా, ఆ ఉబ్బును అతడు వెనక్కి లాగుతూ, తాను ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు.