బడ్జెట్ క్యాప్ పెట్టాక కూడా ఫార్ములా వన్ (ఎఫ్1) రేసుల్లోకి కొత్త టీమ్‌ని ఎందుకు రానివ్వలేదు?

మీరు రెండు అడిగారు. చిన్న టీమ్‌లు బతకాలనే టీమ్‌ల ఏడాది ఖర్చుకు పరిమితి (క్యాప్) పెట్టినప్పుడు, 2024లో అమెరికా టీమ్ ఆండ్రెట్టిని ఎందుకు వద్దన్నారు? మన దేశం నుంచి మళ్ళీ ఒక టీమ్ వచ్చే అవకాశం ఉందా?

మొదటిదానికి నా జవాబు మీకు వింతగా అనిపించొచ్చు. క్యాప్ వచ్చింది కాబట్టే వద్దన్నారు.

అదెలాగో తెలియాలంటే 2009 నుంచి మొదలుపెట్టాలి. అంతకు ముందు డిసెంబర్‌లోనే హోండా ఎఫ్1 వదిలేసి వెళ్ళిపోయింది. తర్వాత ఎవరు పోతారోనన్న టెన్షన్, రేసుల రూల్స్ పెట్టే సంస్థ ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మాక్స్ మోస్లీది. 2010 నుంచి ఏడాదికి 4 కోట్ల పౌండ్ల పరిమితి అన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. పరిమితికి ఒప్పుకున్న టీమ్‌లకు ఇంజిన్‌లోనూ రెక్కల్లోనూ అదనపు వెసులుబాటు అన్నాడు, అంటే ఒకే రేసులో రెండు రకాల రూల్స్. ఫెరారీ పారిస్ కోర్టుకెళ్ళి ఓడిపోయింది. జూన్‌లో 8 టీమ్‌లు వేరు కుంపటి పెడతామని ప్రకటించాయి. విలియమ్స్, విజయ్ మాల్యా ఫోర్స్ ఇండియా మాత్రం షరతులు లేకుండా ఎంట్రీ ఇచ్చేసి, టీమ్‌ల సంఘం ఫోటా నుంచి సస్పెండ్ అయ్యాయి. వారం తిరక్కుండా రాజీ కుదిరింది. మోస్లీ అధ్యక్ష పదవికి మళ్ళీ పోటీ చేయడు, క్యాప్ ఉండదు.

అయితే ఆ క్యాప్‌ని నమ్ముకుని అప్లై చేసిన మూడు కొత్త టీమ్‌లను అప్పటికే ఎంపిక చేసేశారు. వాటిలో యూఎస్ ఎఫ్1 అసలు రేసుకే రాలేదు. కాంపోస్ చేతులు మారి హెచ్‌ఆర్‌టీ అయింది. 2010 బహ్రెయిన్‌లో మన డ్రైవర్ కరుణ్ చందోక్ దాని కారును మొదటిసారి నడిపింది, రేసులో ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లోనే! ఇక మేనర్ కిందామీదా పడి 2016 దాకా లాక్కొచ్చింది. బీఎమ్‌డబ్ల్యూ వెళ్ళిపోతున్నానన్నాక నాలుగోదిగా వచ్చిన లోటస్, తర్వాత కేటర్‌హామ్‌గా పేరు మార్చుకుని, 2014తో ముగిసింది.

2011లో గ్రేటర్ నోయిడాలో ఇండియన్ గ్రాండ్ ప్రి చూశాను. హెచ్‌ఆర్‌టీ కారులో మన డ్రైవర్ నరైన్ కార్తికేయన్ మా స్టాండ్ ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ అందరం లేచి అరిచాం. కానీ ఆ కారు ల్యాపుల కొద్దీ వెనకబడింది. అది డ్రైవర్ తప్పనిపించలేదు. క్యాప్ వస్తుందని లెక్క వేసుకున్న టీమ్, క్యాప్ లేని వాళ్ళతో పోటీ పడుతోంది, అంతే. మరుసటి ఏడాది చివరికి ఆ టీమ్ కూడా మూతపడింది.

అసలు క్యాప్ 2021లో వచ్చింది. 14.5 కోట్ల డాలర్లు. డ్రైవర్ల జీతాలు, ఎక్కువ జీతమున్న ముగ్గురి జీతాలు, మార్కెటింగ్, ప్రయాణాలు దాని బయట. నేను ఆటో విడిభాగాల కంపెనీలో కాస్ట్ అకౌంటెంట్‌ని కాబట్టి అందరూ రెడ్ బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ గురించి కొట్టుకుంటుంటే నేను ఆ మినహాయింపుల జాబితా చదివాను. పరిమితి అంకె మీద ఎప్పుడూ పెద్ద గొడవ ఉండదు. ఏ ఖర్చు ఎవరి పద్దులో పడాలన్న దగ్గరే అసలు గొడవ. మా దగ్గర రెండు యూనిట్లకు కలిపి ఒకటే క్యాంటీన్ ఉండేది. ఆ బిల్లు ఎవరి ఖాతాలో ఎంత వెయ్యాలన్న దాని మీద జరిగినన్ని మీటింగులు కొత్త మెషీన్ కొనడానికి కూడా జరగలేదు. అందుకే రెడ్ బుల్ టీమ్ 2021 క్యాప్ దాటిన కేసు 2022లో బయటికొచ్చి, అందులో క్యాటరింగ్ ఖర్చు, సిక్ లీవ్ జీతాలు కనబడితే నాకు నవ్వొచ్చింది కానీ ఆశ్చర్యం కలగలేదు. దాటింది 18.64 లక్షల పౌండ్లు, అంటే 1.6 శాతం. పన్ను రాయితీని సరిగ్గా చూపించుకుని ఉంటే 0.37 శాతమేనని ఎఫ్‌ఐఏయే చెప్పింది. శిక్ష 70 లక్షల డాలర్ల జరిమానా, కారు మీద గాలి ప్రభావం పరీక్షించే విండ్ టన్నెల్ సమయంలో 10 శాతం కోత. నా దృష్టిలో ఆ కోతే అసలు శిక్ష. జరిమానా క్యాప్‌లోకి రాదు, కాబట్టి కారుకు దానితో నష్టం లేదు.

ఇప్పుడు ఆండ్రెట్టి సంగతి. ఖర్చుకు పైకప్పు పడ్డాక, ఆదాయం పెరిగేకొద్దీ టీమ్‌లు లాభాల్లోకొచ్చాయి, వాటి విలువ అమాంతం పెరిగింది. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని సీటు ఇప్పుడు ఆస్తి. ప్రైజ్ డబ్బు మాత్రం ఒకటే కుండ. వండిన అన్నం అంతే, విస్తళ్ళు పది నుంచి పదకొండు అవుతాయంటే వడ్డించుకున్నవాళ్ళెవరూ సంతోషించరు. అందుకే టీమ్‌లు, ఎఫ్‌ఐఏ, ఎఫ్1 యాజమాన్యం కలిసి చేసుకునే కాంకార్డ్ ఒప్పందంలో కొత్తగా వచ్చేవాళ్ళు 20 కోట్ల డాలర్లు కట్టి, ఆ పది టీమ్‌లకూ పంచాలని రాసుకున్నారు. విలువలు పెరిగాక అదీ చాలదన్నారు.

ఎఫ్‌ఐఏకి ఆ కుండలో వాటా లేదు, కాబట్టి 2023 అక్టోబర్‌లో ఆండ్రెట్టికి సరే అంది. వాటా ఉన్న ఎఫ్‌ఓఎమ్, అంటే ఎఫ్1 వ్యాపారం నడిపే కంపెనీ, 2024 జనవరి 31న కాదంది. టీమ్ గట్టి పోటీ ఇస్తుందన్న నమ్మకం లేదని, ఎఫ్1కి ఆ పేరు వల్ల వచ్చే లాభం కన్నా ఆ పేరుకు ఎఫ్1 వల్ల వచ్చే లాభమే ఎక్కువని కారణాలు చెప్పింది. (మీటింగ్‌కి పిలిచామంది ఎఫ్‌ఓఎమ్, ఆ మెయిల్ స్పామ్‌లో పడిందంది ఆండ్రెట్టి. వందల కోట్ల వ్యవహారం!) తర్వాత అమెరికా చట్టసభ సభ్యులు లేఖలు రాశారు, న్యాయశాఖ విచారణ మొదలైంది. మైకేల్ ఆండ్రెట్టి పక్కకు తప్పుకున్నాడు, జనరల్ మోటార్స్ ముందుకొచ్చింది. 2024 నవంబర్‌లో అదే ప్రాజెక్టు కాడిలాక్ పేరుతో 2026కి ఓకే అయింది. కట్టాల్సింది సుమారు 45 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. ఇంత జరిగాక, నాణ్యత గురించి చెప్పిన కారణాలను నేను పెద్దగా నమ్మను.

ఇక మన టీమ్ సంగతి. కాంకార్డ్ ఒప్పందం ప్రకారం 12 టీమ్‌ల దాకా చోటుంది. కానీ 2007లో మాల్యా, భాగస్వామితో కలిసి స్పైకర్ టీమ్ మొత్తాన్ని, ఫ్యాక్టరీతో సహా, 8.8 కోట్ల యూరోలకు కొన్నాడు, అదే ఫోర్స్ ఇండియా అయింది. ఇప్పుడు గేటు దగ్గర కట్టే రుసుమే దానికి కొన్ని రెట్లు. కారు, మనుషులు, ఫ్యాక్టరీ ఆ తర్వాత. ఏదో పెద్ద కార్ల కంపెనీ దిగితే తప్ప, వచ్చే పదేళ్ళలో నాకు ఆశ లేదు.