కింద పడ్డ డిస్కు, చిటికి గ్రాఫులు, రెండు వేలకు 16 టీబీ

గాలిదుమారాలు, ఉరుములు మొదలయ్యాయంటే నల్లగొండలో నా రిపేరు బల్ల నిండిపోతుంది. ఉత్తరాల సంగతీ అంతే. ఈసారి ఎక్కువ మంది డిస్కుల గురించే అడిగారు కాబట్టి ప్రింటర్ల గొడవ వచ్చే సంచికకు వాయిదా.

దేవరకొండ నుంచి ఒక ఫొటో స్టూడియో యజమాని: అన్నా, పెళ్లిళ్ల వీడియోలు, ఆల్బం ఫైళ్లు అన్నీ 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులో బ్యాకప్ పెట్టుకున్న. వైరు కాలికి తగిలి టేబుల్ మీంచి పడ్డది. ఇప్పుడు పెడితే టక్ టక్ మని చప్పుడు తప్ప కంప్యూటర్ల కనబడ్త లేదు. ఫ్రిజ్‌ల పెట్టమని ఒకరు, రికవరీ సాఫ్ట్‌వేర్ వెయ్యమని ఒకరు చెప్తున్నరు. రెండు ఆల్బంలు ఇంకా ఇయ్యాల్సి ఉన్నయి, మస్తు టెన్షన్‌గా ఉంది.

ముందు ఆ వైరు పీకి పక్కన పెట్టండి. "ఇంకొక్కసారి చూద్దాం" అని మళ్లీ పెట్టకండి. ఆ డిస్కు లోపలి పళ్లెం నిమిషానికి 5400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. చదివే హెడ్డు దాని మీద కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. తల వెంట్రుక మందం వేల నానోమీటర్లు ఉంటుందంటే ఆ సందు ఎంత చిన్నదో చూడండి. కింద పడ్డప్పుడు హెడ్డు దెబ్బతింటే, అది తన చోటు వెతుక్కోలేక వెనక్కి వచ్చి కొట్టుకుంటుంది. మీరు వింటున్న టక్ టక్ బహుశా అదే. కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఆ విరిగిన హెడ్డు పళ్లేన్ని గీసే ప్రమాదం ఉంది. గీసుకుపోయిన చోట ఉన్న డేటాను ఎవరూ తేలేరు.

పడకుండానే టక్ టక్ అంటే సంగతి వేరు. కరెంటు చాలకపోయినా చిన్న డిస్కులు అలాగే చప్పుడు చేస్తాయి. అప్పుడు వేరే పొట్టి కేబుల్‌తో, డెస్క్‌టాప్ వెనకవైపు పోర్టులో ఒక్కసారి పెట్టి చూడొచ్చు. మీది పడ్డ డిస్కు కాబట్టి అదీ వద్దు.

ఫ్రిజ్ వైద్యం పాతకాలం డిస్కుల నాటి మాట. చల్లబడ్డ డిస్కును బయటికి తీస్తే లోపల తేమ పడుతుంది, ఆ తడి పళ్లెం మీద హెడ్డు నడిస్తే ఉన్నదీ పోతుంది. రికవరీ సాఫ్ట్‌వేర్ పనికొచ్చేది ఫైళ్లు పొరపాటున డిలీట్ అయినప్పుడు, డిస్కు మాత్రం బాగున్నప్పుడు. హెడ్డు విరిగితే సాఫ్ట్‌వేర్ ఏం చదువుతుంది?

ఇది నాలాంటి వాళ్లు బల్ల మీద విప్పే పని కాదు. దుమ్ము లేని గదిలో, అదే మోడల్ డిస్కు నుంచి హెడ్లు తీసి దీనికి వేసి, ఉన్నదంతా వేరే డిస్కుకు దించుకోవాలి. హైదరాబాద్‌లో చేసేవాళ్లున్నారు. ఇచ్చే ముందు మూడు మాటలు అడగండి: చూసినందుకు ఎంత, డేటా రాకపోతే ఎంత, నన్ను అడగకుండా డిస్కు విప్పుతారా. మూడోదానికి నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. వారంటీ ఉంది కదా అని కంపెనీకి పంపకండి. వాళ్లు కొత్త డిస్కు ఇస్తారు, మీ పెళ్లిళ్లు తిరిగి రావు.

ఈలోగా ఆ రెండు పెళ్లిళ్లు తీసిన కెమెరా కార్డులు ఎక్కడున్నాయో వెతకండి. ఫార్మాట్ చేసినా, వాటి మీద మళ్లీ షూట్ చేయకపోతే ఫొటోలు వచ్చే అవకాశం బాగానే ఉంది. సాఫ్ట్‌వేర్‌కు అసలు పని అక్కడే. ఆల్బం డిజైన్ చేసే కుర్రాడి కంప్యూటర్లోనూ, ప్రింటింగ్ ల్యాబులోనూ అడగండి. వాళ్లు పాత పేజీలు వెంటనే తుడిచెయ్యరు.

ఇంకో మాట, ఏమీ అనుకోకండి. బ్యాకప్ అని రాశారు గానీ, కంప్యూటర్లోంచి కట్ చేసి డిస్కులో పేస్ట్ చేస్తే అది బ్యాకప్ కాదు, ఉన్న ఒక్క కాపీ ఇల్లు మారింది, అంతే. స్టూడియోల వాళ్లలో చాలామంది చేసేది ఇదే. ఆల్బం చేతికిచ్చి, డబ్బులు ముట్టేదాకా ప్రతి పెళ్లీ రెండు డిస్కుల్లో ఉండాలి. ఆ రెండో డిస్కు ఖర్చు ప్యాకేజీలోనే వేసుకోండి.

పుట్టపాక నుంచి చిటికి (పోగులకు ముడులు వేసి, రంగులద్ది నేసే ఇక్కత్) డిజైన్లు గీసే ఒక అక్క: మామయ్య కాలం నుంచి ఉన్న గ్రాఫులన్నీ స్కాన్ చేయించాను. కొత్తవి కంప్యూటర్లోనే గీస్తున్నాను. మొత్తం 200 జీబీ దాకా ఉంటుంది. ల్యాప్‌టాప్ మీద నమ్మకం పోయింది. హార్డ్ డిస్క్ కొనాలా, ఎస్‌ఎస్‌డీ కొనాలా? ఎంత సైజు? రంగులద్దే చోటికి, మగ్గాల దగ్గరికి పట్టుకెళ్తుంటాను.

అక్కా, ఈ ఉత్తరం చదివి సంతోషమేసింది. ఒక్క గ్రాఫు పోతే ఏ పోగు దగ్గర ముడి వేయాలో మళ్లీ చీర చూసి లెక్కపెట్టుకోవాలి, ఆ బాధ మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి రెండూ కొనండి, ఒక్కో టీబీవి.

పట్టుకు తిరిగేది ఎస్‌ఎస్‌డీ. అందులో పళ్లెం బదులు మెమరీ చిప్పులుంటాయి, తిరిగే భాగమే లేదు, సంచిలోంచి జారిపడ్డా హార్డ్ డిస్కంత తేలిగ్గా పోదు. కాకపోతే దానికి రెండు గుణాలున్నాయి. పోయేటప్పుడు చాలాసార్లు చెప్పకుండా పోతుంది, నిన్న బాగుండి ఇవాళ అసలు కనబడదు. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బీరువాలో పడేస్తే లోపల నిలవ ఉన్న ఛార్జి మెల్లగా తగ్గి డేటా చెడే అవకాశముంది, అందులోనూ మన ఎండలకు, బాగా వాడి అరిగిన ముక్క అయితే. రెండు మూడు నెలలకోసారి పెట్టి నడిపిస్తే చాలు.

కదలకుండా ఒకచోట ఉండేది మామూలు హార్డ్ డిస్కు. అది మీ ఇంట్లో వద్దు. చౌటుప్పల్‌లోనో హైదరాబాద్‌లోనో నమ్మకమైన చుట్టాలుంటే వాళ్ల దగ్గర పెట్టి, వెళ్లినప్పుడల్లా కొత్తవి ఎక్కించుకుని రండి. దొంగ పడ్డా, మిద్దె కురిసినా రెండూ ఒకేసారి పోవు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి కాకుండా చూసుకోండి.

కొనేటప్పుడు డబ్బా మీద యూఎస్‌బీ 3 అని ఉండాలి, మీ ల్యాప్‌టాప్ పోర్టు కూడా అదే అయ్యుండాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు లోపల నీలం రంగు ఉంటుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే సెకనుకు 30, 40 ఎంబీ మించి పోదు. మీ 200 జీబీకి గంటన్నర, రెండు గంటలు కూర్చోవాలి. సెకనుకు 2000 ఎంబీ అని రాసిన ఖరీదైన ఎస్‌ఎస్‌డీ మీకు దండగ. అంత వేగం తీసుకునే పోర్టు మామూలు ల్యాప్‌టాప్‌లకు ఉండదు. 1 టీబీ కొంటే 931 జీబీయే చూపిస్తోందని షాపువాడితో తగాదా పెట్టుకోకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. ధరలు నేను రాయను, పత్రిక మీ చేతికొచ్చేసరికి మారిపోతున్నాయి.

పాస్‌వర్డ్ పెట్టే సదుపాయం ఉంటే పెట్టుకోండి, డిజైన్ దొంగతనాలు మీకు తెలియనివి కావు. కానీ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెట్టండి. మర్చిపోతే దాన్ని తెరవడం నా వల్లా కాదు, కంపెనీ వల్లా కాదు. స్కాన్ చేశాం కదా అని మామయ్య గ్రాఫులు మాత్రం పారేయకండి.

వనపర్తి నుంచి ఒక రిటైర్డ్ టీచరు: డిస్కు పోయే ముందు తెలుసుకునే మార్గమేమైనా ఉందా?

కొంతవరకు ఉంది సార్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. హార్డ్ డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టాను అది చదివి చూపిస్తుంది. అందులో 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడండి. పాడైపోయి పక్కకు పెట్టిన చోట్లు, చదవలేక అనుమానంలో ఉంచిన చోట్లు అక్కడ కనిపిస్తాయి. ఆ వరుసల చివరి గడిలో అన్నీ సున్నాలే ఉంటే సరే. వేరే అంకె ఉంటే ముఖ్యమైనవి ఆ రోజే కాపీ చేసుకోండి. ముందు పెన్షన్ కాగితాలు, పిల్లల ఫొటోలు, తర్వాతే సినిమాలు. కాపీ అయ్యేదాకా, డిస్కులో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ లాంటివి నడపకండి, కొనఊపిరితో ఉన్న డిస్కుకు అది పెద్ద శ్రమ.

సున్నాలే ఉన్నాయని నిశ్చింతగానూ ఉండలేం. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల లెక్కలు ప్రచురించారు. డిస్కు తన పళ్లేన్ని తానే తనిఖీ చేసుకునే స్కాన్‌లో మొదటి తప్పు కనబడితే, ఆ డిస్కు ఆ తర్వాత 60 రోజుల్లో పోయే అవకాశం, తప్పులు లేనివాటికంటే 39 రెట్లు ఎక్కువని తేలింది. కానీ అదే లెక్కలో, పోయిన డిస్కుల్లో సగానికి పైగా వాళ్లు ముఖ్యమనుకున్న నాలుగు గుర్తుల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి.

మిర్యాలగూడ నుంచి రైస్ మిల్లు గుమస్తా: మా ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లెక్కలు రోజూ ఎక్స్‌టర్నల్ డిస్కుకు బ్యాకప్ అవుతాయి, డిస్కు ఎప్పుడూ పెట్టే ఉంటుంది. ఇంకేమైనా చేయాలా?

ఆ "ఎప్పుడూ పెట్టే ఉంటుంది" అన్నదే నా భయం. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వస్తే కంప్యూటర్‌తో పాటు దానికి తగిలించి ఉన్న డిస్కును కూడా వదలదు. పిడుగు పడి కరెంటు ఎగదన్నినా రెండూ కలిసే పోతాయి. రెండు డిస్కులు పెట్టుకుని ఒకటి మార్చి ఒకటి వాడండి. బ్యాకప్ అవగానే పీకి సొరుగులో పెట్టండి. నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్లో రిస్టోర్ చేసి, క్లోజింగ్ బ్యాలెన్స్ కలుస్తుందో లేదో చూడండి. బ్యాకప్ అయినట్టు మెసేజ్ రావడం వేరు, అది తెరుచుకోవడం వేరు.

మిల్లు మోటర్లు స్టార్టయినప్పుడు వోల్టేజీ పడిపోతుంది కాబట్టి యూపీఎస్ ఎలాగూ ఉండాలి. తవుడు దుమ్ము ప్రాసెసర్ ఫ్యాను కింద మందంగా పేరుకుంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరగనివ్వకండి.

జడ్చర్ల నుంచి జిరాక్స్ సెంటర్ తమ్ముడు: రోజూ పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే పాత సంవత్సరం తేదీ చూపిస్తుంది, వెబ్‌సైట్లు తెరుచుకోవు. హార్డ్ డిస్క్ పోయినట్టేనా?

కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 సెల్లు అయిపోయింది, అది మార్చుకో. తేదీ తప్పుంటే సైట్ల భద్రతా పత్రాల గడువు కలవక బ్రౌజర్ తెరవనివ్వదు. సెల్లు తీసే ముందు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు ఫోన్‌తో ఫొటో తీసుకో. డిస్కు సెట్టింగ్ మారిపోతే విండోస్ లేవదు, అప్పుడు నిజంగానే డిస్కు పోయిందనుకుని కంగారుపడతావు.

మహబూబ్‌నగర్ నుంచి డిగ్రీ విద్యార్థి: ఆన్‌లైన్‌లో 16 టీబీ ఎస్‌ఎస్‌డీ రెండు వేలకే వస్తోంది, కొనమంటారా?

వద్దు. ఇలాంటివి విప్పి చూస్తే లోపల చిన్న మెమరీ కార్డు అతికించి ఉంటుంది. సైజు 16 టీబీ అని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి ఉంటారు. అసలు జాగా నిండాక కూడా కాపీ అవుతున్నట్టే కనిపిస్తుంది, ఫైళ్ల పేర్లు కూడా ఉంటాయి, తెరిస్తే ఏమీ ఉండదు. ఇప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటే, రాగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నింపి చూడు. అసలు సైజు ఎంతో అదే చెప్పేస్తుంది. రోజులు పట్టినా నడవనివ్వు, కానీ రిటర్న్ గడువు దాటకముందే ఆ పని చెయ్యి.