ఇసుక తిన్నెల మీద ఒక రాత్రి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చలికాలం వస్తుందనగానే థార్ ఎడారికి మోటారు సైకిళ్ల మీద వెళ్లివచ్చే విషయమై ఈసారి చాలా ఉత్తరాలు అందాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను జోధ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. హైదరాబాదు నుంచి ముగ్గురు స్నేహితులు డిసెంబరులో వస్తున్నారు. శని, ఆదివారాల్లో జైసల్మేర్ దాటి సమ్ తిన్నెల దాకా బండ్ల మీద వెళ్లి, ఒక రాత్రి గుడారం వేసుకుని రావాలని మా ఆలోచన. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండ్లు రెండు, హీరో ఎక్స్‌పల్స్ బండ్లు రెండు అద్దెకు దొరుకుతున్నాయి. ఘాట్ రోడ్లు మాకు అలవాటే గాని, ఇసుకలో ఎవరమూ నడపలేదు. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, జోధ్‌పూర్

జవాబు: అన్నిటికన్నా ముందు మీరు వెళ్లే చోటు మార్చుకోమని కోరుతున్నాను. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు దాదాపు 280 కిలోమీటర్లు, అక్కడి నుంచి సమ్‌కు మరో 40. శనివారం తెల్లవారుజామున బయలుదేరినా తిన్నెలు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, డిసెంబరులో ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది, ఆదివారం మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి. రెండు రోజుల్లో ఆరు వందల కిలోమీటర్లకు పైగా తారు రోడ్డు మీద గడిపి, అలసిన చేతులతో, వెలుగు తగ్గే వేళ తొలిసారి ఇసుకలోకి దిగడం ప్రమాదాన్ని పిలవడమే. జోధ్‌పూర్‌కు ఉత్తరంగా 65 కిలోమీటర్ల దూరంలో ఓసియాన్ ఉంది. ఎనిమిదో శతాబ్ది నాటి ఆలయాలున్న ఆ ఊరి చుట్టూ మీకు కావలసినంత ఇసుక ఉంది. పదింటికల్లా అక్కడ ఉంటారు, నేర్చుకోవడానికి పగలంతా మిగులుతుంది. జైసల్మేర్‌కు నాలుగు రోజుల సెలవు దొరికినప్పుడు వెళ్లండి.

ఇసుక అంచున ఆగి, టైర్లలో గాలి తగ్గించండి. తారు రోడ్డు మీద 25–30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండే గాలిని 16–18కి దించితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. ట్యూబు టైరు అయితే 15 కన్నా దించవద్దు, ఎందుకంటే రిమ్ము మీద టైరు జారినప్పుడు ట్యూబు వాల్వు మొదలు దగ్గర తెగిపోతుంది. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు గాలి కొట్టుకోవాలి కనుక చిన్న పంపు, గాలి కొలిచే గేజి తప్పనిసరిగా వెంట ఉండాలి. మెత్తని టైర్లతో రోడ్డు మీద వేగంగా వెళితే మలుపులో బండి చేతిలో ఉండదు.

ఇసుకలో ముందు చక్రం మెలికలు తిరుగుతూనే ఉంటుంది. తారు రోడ్డు అలవాటుతో హ్యాండిలు బిగబట్టి దాన్ని సరిచేయబోయినవారు పడతారు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లతో ట్యాంకును అదిమిపట్టి, బరువు కొంచెం వెనక్కి ఉంచి, యాక్సిలరేటరు నిలకడగా ఇస్తూ చక్రాన్ని దాని మానాన పోనిస్తే బండి తనంతట తానే నిలదొక్కుకుంటుంది. ముందు బ్రేకు మీది నుంచి వేలు తీసేయండి. యాక్సిలరేటరు వదిలితే చాలు, ఇసుకే ఆపుతుంది. చూపు చక్రం ముందు కాక ఇరవై అడుగుల అవతల ఉండాలి. సూర్యోదయం తరువాతి రెండు గంటలు దీనికి అన్నివిధాలా అనువైన వేళ, ఎందుకంటే రాత్రి చల్లదనానికి ఇసుక కాస్త గట్టిపడి ఉంటుంది, ఏటవాలు ఎండకు ప్రతి గుంత నీడా స్పష్టంగా కనబడుతుంది. మిట్టమధ్యాహ్నం నీడలు మాయమై ఎత్తుపల్లాలు ఒకే రంగులో కలిసిపోతాయి, నా దెబ్బల్లో చాలావరకు ఆ వేళ తిన్నవే.

దిగబడినప్పుడు ఏం చేయాలో నేను తొలి ప్రయాణంలోనే నేర్చుకున్నాను. వెనుక చక్రం చెయిను దాకా ఇసుకలో కూరుకుపోయింది. నేను యాక్సిలరేటరు తిప్పిన కొద్దీ ఇసుక వెనక్కి చిమ్మి, గొయ్యి మరింత లోతయింది తప్ప బండి అంగుళం కదలలేదు. క్లచ్చు ప్లేట్లు కాలుతున్న వాసన ముక్కుకు తగిలే దాకా మూర్ఖంగా తిప్పుతూనే ఉన్నాను. వెంట ఉన్న మిత్రుడు వచ్చి ఇంజను ఆపించి, పెట్రోలు కారకుండా ట్యాంకు మూత చూసి, ఇద్దరం కలిసి బండిని మెల్లగా పక్కకు పడుకోబెట్టాము. చక్రం గోతిలోంచి పైకి తేలింది. గోతిని కాళ్లతో ఇసుక నెట్టి పూడ్చి, తొక్కి గట్టి చేసి, బండిని నిలబెట్టి, ఎక్కకుండా పక్కన నడుస్తూ రెండో గేరులో నెమ్మదిగా తీసుకువచ్చాము. అంతా అయిదు నిమిషాల పని. అందుకే ఎక్స్‌పల్స్‌ను తొలి రోజు నలుగురూ మార్చి మార్చి నడపండి. దాదాపు 200 కిలోల హిమాలయన్‌ను పది సార్లు లేపేసరికి ఎంతటివారికైనా నడుము పట్టేస్తుంది, ఎక్స్‌పల్స్ దానికన్నా 40 కిలోలు తేలిక.

ఇక తిన్నె శిఖరం సంగతి. గాలి వచ్చి తగిలే వైపు తిన్నె మెల్లగా వాలుగా పైకి లేస్తుంది, అవతలి వైపు జారుడు ముఖం 30 డిగ్రీలకు పైగా వాలుతో ఉన్నట్టుండి పడిపోతుంది. కింది నుంచి చూస్తే ఆ అంచు తెలియదు. కనుక ఒకరు నడిచి పైకి ఎక్కి అవతల చూసి చెయ్యి ఊపాకే మరొకరు బండి మీద రావాలి, ఒకరు దిగి పక్కకు తప్పుకున్నాకే ఇంకొకరు బయలుదేరాలి. వీడియోల్లో కనిపించే ఎగురుళ్లు మీకు వద్దు.

చిన్న విషయాలు మూడు. సైడు స్టాండు కిందికి అరచేతి వెడల్పు చెక్క ముక్క ఒకటి ఉంచుకోండి, లేకపోతే ఆపిన బండి అయిదు నిమిషాల్లో ఒరిగిపోతుంది. చెయినుకు నూనె దట్టంగా పూస్తే ఇసుక అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది, పొడి బ్రష్షుతో దులపడం మేలు. మైలేజీని మామూలులో సగానికే లెక్కవేసుకుని పెట్రోలు పోయించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో ఎడారికి బండి మీద వెళతానని పట్టుబట్టాడు. పాములు, చలి, దారి తప్పడం తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. వెళ్లనివ్వవచ్చునా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: మీ భయం అర్థం చేసుకోదగినదేనమ్మా. ఎడారి అనగానే ఎండ గుర్తుకు వస్తుంది గాని, డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ అసలు ఇబ్బంది చలి. గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు లేకపోవడం వల్ల పగటి వేడి రాత్రి త్వరగా ఆరిపోతుంది; మధ్యాహ్నం 25 డిగ్రీలు ఉన్నచోట తెల్లవారుజామున 5–6 డిగ్రీలకు పడిపోవచ్చు. పై నుంచి కప్పుకునే దుప్పటికన్నా కింద పరుచుకునే మందపాటి చాప ముఖ్యమని అబ్బాయికి చెప్పండి, ఎందుకంటే చల్లబడిన ఇసుక ఒంటి వేడిని కింది నుంచి లాగేస్తుంది.

థార్‌లో పింజరి జాతి పాములు, కట్లపాములు ఉన్న మాట నిజమే అయినా చలికాలంలో అవి చాలావరకు కలుగుల్లోనే ఉంటాయి. నేల మీద ఆరుబయట పడుకోకుండా, జిప్పు పూర్తిగా మూసుకునే గుడారంలో పడుకుంటే భయం ఇంకా తగ్గుతుంది. రాత్రి టార్చి లేకుండా అడుగు తీయకూడదు, ఉదయం బూట్లు విదిలించకుండా తొడుక్కోకూడదు. తేళ్లకు బూటు చక్కని ఇల్లు. ఒకవేళ పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఏవీ చేయకుండా, కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా, తిన్నగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పెద్ద ఆసుపత్రులున్న జోధ్‌పూర్‌కు దగ్గరలో ఉండమని పై జవాబులో చెప్పడానికి ఇదీ ఒక కారణం.

దారి తప్పకుండా ఉండటానికి ఒక్క నియమం పాటించమనండి: ముందు వెళ్లేవాడు తన అద్దంలో వెనకవాడి బండి కనబడనప్పుడు ఆగిపోవాలి. ముగ్గురికి తక్కువగా వెళ్లకూడదు, ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గర ఉండాలి, ఒకరు సాయానికి పోవాలి. నీళ్లు వంటతో కలిపి మనిషికి రోజుకు 5 లీటర్ల లెక్కన తీసుకువెళ్లాలి. నలుగురికి రెండు రోజులకు 40 లీటర్లు, బండికి 10 కిలోల బరువు. వాళ్లు సామాను కట్టుకునేటప్పుడు మీరు పక్కనుండి ఈ నీళ్ల డబ్బాలు లెక్కపెట్టండి. అవి సరిగ్గా ఉంటే పంపించండమ్మా.

ప్రశ్న: అమెరికా నుంచి వస్తున్న మా బావ సిగ్నల్ లేని చోట పనికొస్తుందని సాటిలైట్ ద్వారా సందేశాలు పంపే పరికరం తెస్తానంటున్నాడు. మేము జైసల్మేర్ వెళ్తున్నాము. తీసుకువెళ్లవచ్చునా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: వద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా సాటిలైట్ ఫోన్లు, అలాంటి పరికరాలు మన దేశంలో దగ్గర ఉంచుకోవడం నేరం, విమానాశ్రయాల్లోనే పట్టుబడినవారు ఉన్నారు. పైగా జైసల్మేర్ సరిహద్దు జిల్లా. మీ బావగారు విదేశీ పౌరుడైతే జైసల్మేర్‌కు పడమట సరిహద్దు వైపు చాలా ప్రాంతాలకు ముందుగా అనుమతి తీసుకోవాలి, జిల్లా అధికారుల దగ్గర కనుక్కోండి. పోఖ్రాన్, చాందన్ పరిసరాల్లో సైన్యం కాల్పుల సాధన చేసే మైదానాలు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు దాటి బండి పోనివ్వవద్దు, ఇసుకలో ఇనుప ముక్క ఏది కనిపించినా ముట్టుకోవద్దు.

ప్రశ్న: మా ప్రాంతం నుంచి మాయమైన బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) జైసల్మేర్ దగ్గర ఉందని విన్నాను. బండి మీద వెళ్లి, అక్కడే గుడారం వేసుకుని, కట్టెలు ఏరుకుని చలిమంట వేసుకుంటూ ఆ పిట్టను చూసి రావాలని ఉంది.
– ఒక పాఠకుడు, నందికొట్కూరు

జవాబు: మీ ఉత్తరం చదివి మనసు భారమైంది. మీ దగ్గరి రోళ్లపాడును 1988లో అభయారణ్యంగా ప్రకటించింది ఆ పిట్ట కోసమే. ఇప్పుడు దేశం మొత్తం మీద స్వేచ్ఛగా తిరిగేవి రెండు వందల లోపే, వాటిలో అత్యధిక భాగం జైసల్మేర్ గడ్డి మైదానాల్లోనే ఉన్నాయి. మీటరు ఎత్తు ఉండే ఆ పిట్ట చెట్టు మీద గూడు కట్టదు, బహిరంగ నేల మీద సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెడుతుంది. నేల రంగులోనే ఉండే ఆ గుడ్డు బండి మీద పోయేవారికి కనబడదు. 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ ఉద్యానం పరిధిలో దారి వదిలి బండి నడపకండి. అటవీ శాఖ అనుమతి తీసుకుని, వాళ్లు చూపించిన దారిలో వెళ్లి, దుర్భిణీతో చూడండి. తిన్నెల మీద బండి నడపాలన్న ముచ్చటను వేరే చోట, వేరే రోజు తీర్చుకోండి.

కట్టెల విషయంలోనూ నా మాట వినండి. అక్కడ ఖేజ్రీ అని పిలిచేది మన జమ్మి చెట్టే. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం అదే. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీ గ్రామంలో ఆ చెట్లను నరకనివ్వకుండా అమృతాదేవితో మొదలుకొని బిష్ణోయి సమాజానికి చెందిన 363 మంది ప్రాణాలిచ్చారు. రాలిన కొమ్మ కూడా అక్కడ ఎవరో ఒకరి పొయ్యిలోకి వెళ్లవలసిందే. చిన్న స్టవ్వు తీసుకువెళ్లండి, చలికి స్వెట్టరు వేసుకోండి.

గుడారానికి చోటు వెదికేటప్పుడు తిన్నెల మధ్య చదునుగా, గట్టిగా, ఒక వైపు మట్టి కట్టతో కనిపించే నేలను చూసి ముచ్చటపడవద్దు. అది ఖడీన్ అయివుండవచ్చు. వాననీటిని కట్ట అడ్డుతో నిలిపి, ఇంకిన తేమతోనే శీతాకాలంలో గోధుమ, శనగ పండించే పొలం అది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని జిల్లాలో దాని మీద బండి చక్రం పోతే ఒక కుటుంబం తిండిగింజలు పోయినట్టే. దగ్గరలోని ఢాణీకి, అంటే నాలుగైదు ఇళ్ల పల్లెకు, బండి దూరంగా ఆపి నడిచి వెళ్లి అడగండి. నేను అలా అడిగినప్పుడు ఆ ఇంటి పెద్దాయన నేను ఎంచుకున్న తిన్నె నెత్తిని చూసి తల అడ్డంగా ఊపి, మేకల దొడ్డి ముళ్లకంచె పక్కన చోటు చూపించాడు. మేకులు ఇసుకలో నిలవకపోతే సంచుల్లో ఇసుక నింపి, తాళ్లు కట్టి పాతిపెట్టమన్నదీ ఆయనే. అర్ధరాత్రి గాలి లేచినప్పుడు తిన్నె మీది ఇసుక సన్నగా ఈలవేస్తూ పోతున్న చప్పుడు వినబడింది గాని, కంచె చాటున మా గుడారం గుడ్డ కదలలేదు.