ఇంటి ఉబుంటు నుంచి మెయిల్ బయటికే పోవట్లేదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల అంగడి ఉంది. ఇంట్లో పాత కంప్యూటర్‌కు ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, రాత్రిపూట అంగడి లెక్కలు బ్యాకప్ అయ్యేలా క్రాన్‌లో (చెప్పిన టైముకు పనులు చేసిపెట్టేది) పెట్టాను. అయిందో లేదో జీమెయిల్‌కు కబురు రావాలని, మెయిళ్ళు పంపే పోస్ట్‌ఫిక్స్ సాఫ్ట్‌వేర్ కూడా వేశాను. ఒక్క మెయిలూ రావట్లేదు, లాగ్‌లో 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అని పడుతోంది. మా అబ్బాయి మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమంటున్నాడు. చేయమంటారా?

జవాబు: వద్దండీ, మళ్ళీ వేసినా ఇదే కథ. లాగ్‌లో ఆ లైను పక్కనే ':25' అని ఉందేమో చూడండి. మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి మెయిళ్ళు ఇచ్చుకునే పోర్టు, అంటే నెట్‌లో ఆ పనికి కేటాయించిన ద్వారం నంబరు అది. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్ల నుంచి గుట్టలుగుట్టలుగా స్పామ్ పోతోందని చాలా నెట్ కంపెనీలు ఇంటి కనెక్షన్లకు దాన్ని మూసేస్తాయి. పోనీ బతిమాలి తెరిపించుకున్నా, మారుతూ ఉండే ఇంటి ఐపీ (నెట్‌లో మీ ఇంటి అడ్రసు) నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ను జీమెయిల్ తీసుకోవడం కష్టమే. కాబట్టి ఉత్తరం మీరే మోసుకుపోకుండా పోస్టాఫీసులో వేసేయండి, అంటే మీ ఖాతాతో లాగినై జీమెయిల్ సర్వర్‌కే 587 పోర్టులో అప్పజెప్పాలి.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులుండే 'మెయిన్.సీఎఫ్' ఫైల్లో ఖాళీగా ఉండే 'రిలేహోస్ట్' లైనులో, చదరపు బ్రాకెట్ల మధ్య జీమెయిల్ ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే) సర్వర్ పేరు, బయట కోలన్ పెట్టి 587 రాయండి. ఆ బ్రాకెట్లు అలంకారానికి కాదు, అవి లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకు ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎంట్రీ) వెతుక్కుంటూ పోతుంది. టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే ఎన్‌క్రిప్షన్), ఎస్‌ఏఎస్‌ఎల్ (పేరు, పాస్‌వర్డ్‌తో లాగినయ్యే పద్ధతి) ఆన్ చేసి, ఎస్‌ఏఎస్‌ఎల్ సెక్యూరిటీ ఆప్షన్లలో 'నోఅనానిమస్' (పేరు లేని లాగిన్ వద్దని) ఒక్కటే ఉంచండి.

మీ మామూలు పాస్‌వర్డ్ ఇక్కడ పనికిరాదు, 2022 మే చివర్లోనే గూగుల్ ఆ దారి మూసేసింది. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసుకుంటే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవచ్చు. దాన్ని పోస్ట్‌ఫిక్స్ లాగిన్ కోసం చూసే పాస్‌వర్డ్ ఫైల్లో పెట్టి, పోస్ట్‌ఫిక్స్ చదవగలిగే రూపంలోకి మార్చే 'పోస్ట్‌మ్యాప్' కమాండ్ కొట్టండి, ఫైలుకు 600 పర్మిషన్ (యజమాని తప్ప ఇంకెవరూ చూడకుండా) ఇవ్వడం మరవకండి. ఇంత చేశాక కూడా లాగ్‌లో 'నో మెకానిజం అవైలబుల్' అంటే టెన్షన్ పడొద్దు, 'లిబ్‌ఎస్‌ఏఎస్‌ఎల్2-మాడ్యూల్స్' ప్యాకేజీ వేస్తే సరిపోతుంది.

మెయిల్ పంపే ఇంకో చిన్న ప్రోగ్రామ్ ఎంఎస్‌ఎంటీపీ ఇంతకంటే తేలిక కదా అని ఎవరైనా అంటారు. తేలికే, కానీ దానికి క్యూ (పోని మెయిళ్ళను దాచి మళ్ళీ పంపే వరుస) లేదు, అర్ధరాత్రి నెట్ పోయిందంటే ఆ మెయిల్ పోయినట్టే. మీ పనికి పోస్ట్‌ఫిక్సే నయం, మామూలుగా 5 రోజులదాకా పంపడానికి చూస్తూనే ఉంటుంది. అందుకే మార్చిన సెట్టింగులు పట్టేలా పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ కొట్టేముందు, ఆగిన మెయిళ్ళు చూపించే 'మెయిల్‌క్యూ' కమాండ్‌తో చూసి పాతవి తీసేయండి, లేకపోతే ఆగిపోయిన రిపోర్టులన్నీ ఒకేసారి వచ్చి పడతాయి.