థర్మోకోల్ నమూనాకు బదులు పిట్టల లెక్క

ప్రశ్న: మా అమ్మాయి ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ప్రాజెక్టు అనగానే దుకాణంలో దొరికే థర్మోకోల్ నమూనా కొని తీసుకెళ్తోంది. తన చేతులతో చేసి నేర్చుకునే పని ఏదైనా సూచించగలరా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదమ్మా. మదనపల్లె సమీపంలో జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో రూపుదిద్దుకున్న రిషివ్యాలీ పాఠశాలను చూడండి. కరువు నేలలో ఏళ్ల తరబడి చెట్లు పెంచగా పక్షులు చేరిన ఆ లోయను 1991లో పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అరుదైన పసుపు గొంతు పిగిలిపిట్ట అక్కడి రాతిగుట్టల్లో కనిపిస్తుంది.

అలాంటి లోయ లేకపోయినా పిట్టలను గమనించి లెక్క రాసే పనిని మీ అమ్మాయి చేయగలదు. బడి ఆవరణలో ఒక వేపచెట్టునో రావిచెట్టునో ఎంచుకొని, రోజూ ఉదయం ఒకే వేళకు పావుగంట కూర్చుని, ఏ పిట్టలు ఎన్ని వచ్చాయి, పండు తిన్నాయా, పురుగును పట్టాయా, ఆకాశం మబ్బుగా ఉందా అన్నవి నోటుపుస్తకంలో రాసుకోవాలి. పేరు తెలియని పిట్ట ముక్కు ఆకారాన్ని, తోక పొడవును బొమ్మగా గీసుకుంటే చాలు. పేరు తరువాత వెతకవచ్చు. ఊహించి రాయడం మాత్రం వద్దు, చూడని రోజును ఖాళీగానే వదలాలి. విద్యాసంస్థల ఆవరణల్లో పక్షులను లెక్కించేందుకు ఏటా ఫిబ్రవరిలో జరిగే క్యాంపస్ బర్డ్ కౌంట్‌లో బడి తరఫున పాల్గొంటే ఆ లెక్కలు పరిశోధకులకూ ఉపయోగపడతాయి. ఇది వారంలో ముగిసే పని కాదు కనుక, కనీసం ఒక టర్మ్ గడువు ఇవ్వవలసిందిగా ఉపాధ్యాయులను మీరే కోరండి.