బల్ల దగ్గర తొందరపడకు

చిట్టితల్లికి,

ప్రభువు నామంలో ఆశీస్సులు. గుడ్ ఫ్రైడేకి ఏడు సంఘాల పాస్టర్లనూ ఒకే పందిట్లో కూర్చోబెట్టి సిలువపై పలికిన ఏడు మాటలు చెప్పిస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తరం చేతులారా పాడుచేసుకున్న పని నువ్వు తలకెత్తుకున్నావు. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

చిన్న పనులు ముందు చెప్పేస్తా. షామియానా, మైకు, మజ్జిగ యూత్ పిల్లలకి అప్పగించు. పర్మిషన్ కాగితం వారం ముందే పెట్టు. ఏ మాట ఎవరు చెప్పాలో నువ్వు పంచకు, చీట్లు వేయించు. ఒక్కొక్కరికి 15 నిమిషాలే ఇవ్వు, ఎండలో పెద్దవాళ్లుంటారు.

సాయంత్రం అందరికీ కలిపి ప్రభు బల్ల పెట్టి, రొట్టె, ద్రాక్షరసం పంచుదామని కూడా అన్నావట. అది మాత్రం వద్దు తల్లీ.

1984లో నేనూ అదే చేశాను. అప్పుడు నేను యూత్ సెక్రటరీని. ముగ్గురు పాస్టర్లని అడిగితే "చూద్దాం" అన్నారు. దాన్ని ఒప్పుకోవడమే అనుకున్నాను. మన పక్కవీధిలో ఆర్‌సీఎం అక్క, అంటే రోమన్ కాథలిక్ ఆవిడ, ఒకరు ఉండేది. నేను పిలిచాననే వచ్చింది. రొట్టె పళ్లెం పట్టుకుని వరస వెంట వెళ్తూ ఆమె ముందు ఆగాను. తల మీద కొంగు సర్దుకుంది. చెయ్యి సగం దాకా చాపి వెనక్కి తీసుకుంది. అక్కడితో నేను ముందుకెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు. "తీసుకో అక్కా, ప్రభువు బల్ల అందరిదీ" అని నలుగురూ వినేలా అన్నాను. అందరూ ఆమెనే చూశారు. నా మాట పోకూడదని తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే మా ఇంటి గుమ్మంలో నిలబడి కొంగు ముడి విప్పింది. ఎండిపోయిన రొట్టె ముక్క. "తమ్ముడూ, మా ఫాదర్‌గారిని అడక్కుండా తినలేకపోయాను. పారేయడానికి చేతులు రాలేదు. రాత్రంతా దీన్నే చూస్తూ కూర్చున్నాను" అంది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఒక్క మాట కూడా నన్ను తిట్టలేదు. ఆ ముక్క నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నీళ్లలో ముంచే బాప్తిస్మం లేనివాళ్లకి బల్ల ఎలా ఇచ్చారని ఇంకో సంఘం వాళ్లు అదే వారం గొడవకొచ్చారు. ఆ తర్వాత పదకొండేళ్లు మన ఊళ్లో సంఘాలన్నీ కలిసి ఒక్క కూడిక జరగలేదు. అందరూ ఏకమై ఉండాలని ప్రభువు ప్రార్థించాడు కదా, నేనేదో దాన్ని ఒక్క సాయంత్రంలో నెరవేరుస్తున్నాననుకున్నాను.

"మన సీఎస్‌ఐ పుట్టిందే ఐక్యత కోసం కదా మావయ్యా" అంటావు. నిజమే, వేరువేరు మిషన్ల సంఘాలు కలిసి ఒక్కటైన దక్షిణ ఇండియా సంఘమే మన సీఎస్‌ఐ. కానీ 1919లో తరంగంబాడిలో మొదలైన ఆ కలయిక మాట 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో గానీ తీరలేదు. బిషప్పులు ఉండాలా వద్దా, పాత పాస్టర్ల అభిషేకం చెల్లుతుందా లేదా అన్న దగ్గరే ఏళ్లు గడిచాయి. దానికోసం అంత పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ రోజు చూడలేదు. అంతా అయ్యాక కూడా నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది దాదాపు మూడు దశాబ్దాలు బయటే ఉండిపోయారు. లూథరన్లు, బాప్టిస్టులు చేరనేలేదు. వాళ్లది మొండితనమని ఎవరితోనూ అనకు. నేను అన్నాను, ఇప్పటికీ బాధపడుతున్నాను.

అసలు మన ముత్తాతలు సిద్ధాంతాలు చదివి సంఘాలు ఎంచుకున్నారా? గుంటూరు వైపు లూథరన్ మిషన్, ఒంగోలు నెల్లూరుల్లో బాప్టిస్టులు, మెదక్‌లో వెస్లియన్లు. ఏ మిషన్ వాళ్లు మన వైపు వస్తే ఆ పేరే మనకి వచ్చింది. తర్వాత చాలా ఊళ్లలో ఆ పేర్లకి పేటలూ కులాలూ అతుక్కున్నాయి. సంఘం పేరు చెబితే పేట పేరు చెప్పినట్టే. నీ మీటింగుల్లో బాప్తిస్మం గురించి మొదలైన గొడవ ఉన్నట్టుండి మాట పెరిగితే, లోపల ఉన్నది ఇదేనని గుర్తుపట్టు. అందుకే మధ్యాహ్నం భోజనాలు మాత్రం మానకు. ఏ పేటవాళ్లూ విడిగా కూర్చోకుండా ఒకే బంతి వేయించు, వడ్డనకి అన్ని సంఘాల ఆడవాళ్లనీ పిలువు. నాకు ఆ బంతి చూడాలనుంది.

పాస్టర్లకి వాట్సాప్ మెసేజ్ పెట్టి ఊరుకోకు. ఒక్కొక్కరింటికీ వెళ్లు, వాళ్లు పెట్టిన టీ తాగు, "చూద్దాం" అంటే ఇంకోసారి వెళ్లు. ఎండలో తిరిగి జ్వరం తెచ్చుకునేవు, గొడుగు తీసుకెళ్లు. నీ ఆరోగ్యం సంగతి నాకు తెలుసు.

ఆ అక్క ఇప్పుడు లేదు. ఆమె కూతురు ఆర్‌సీఎం గుడి వెనకే ఉంటోంది. ముందు ఆ ఇంటికి వెళ్లి పిలువు. నా పేరు చెప్పు. వాళ్లమ్మ ఆ రొట్టె సంగతి ఇంట్లో చెప్పిందో లేదో నాకు తెలియదు. శుక్రవారం నేను వచ్చి చివరి వరసలో కూర్చుంటాను. ఆమె వస్తే నా పక్కన కుర్చీ వేయించు.

ప్రభువునందు,
నీ మావయ్య