హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్‌కి అణుబాంబులో నిజంగా ఎంత పాత్ర ఉంది?

"బాంబు చేసింది ఓపెన్‌హైమర్ బృందం, కోనంట్ కమిటీలు నడిపిన పెద్దమనిషి మాత్రమే కదా?" అని అడిగారు. కమిటీలు నడిపిన మాట నిజమే. కానీ బాంబు ఎలాంటి చోట వెయ్యాలన్న చర్చ జరిగింది కూడా ఒక కమిటీలోనే. అక్కడ ఆ ప్రతిపాదన పెట్టింది ఆయనే.

నేను ఆర్గానిక్ కెమిస్ట్రీ చదువుకున్నాను. కోనంట్ అంటే క్లోరోఫిల్, హిమోగ్లోబిన్ మీద పనిచేసిన గొప్ప కెమిస్టుగానే నాకు తెలుసు. మొదటి ప్రపంచయుద్ధంలో లూయిసైట్ అనే విషరసాయనం తయారీలో ఉన్నారని మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. 1933 నుంచి 1953 దాకా హార్వర్డ్ అధ్యక్షుడు ఆయనే. అణుబాంబు పనంతా ఆ పదవిలో ఉండగానే చేశారు.

1941లో యుద్ధానికి కావాల్సిన పరిశోధనలు చేయించే నేషనల్ డిఫెన్స్ రీసెర్చ్ కమిటీకి అధ్యక్షుడై, అమెరికా యుద్ధ పరిశోధనలకి పెద్దగా ఉన్న వానెవర్ బుష్‌కి కుడిభుజంగా నిలిచారు. 1942 మే నాటికి బాంబుకి పనికొచ్చే రకం యురేనియం వేరుచేయడానికీ, ప్లుటోనియం తయారీకీ కలిపి ఐదు దారులు కనిపిస్తున్నాయి. ఏది ఫలిస్తుందో ఎవరికీ తెలీదు. ఒక్కదాన్నే నమ్ముకుంటే జర్మనీ ముందు చేరుకుంటుందేమోనన్న భయంతో, ఐదింటినీ ఒకేసారి నడపాలని కోనంట్ బృందం సిఫారసు చేసింది. లెక్కలేనంత డబ్బు, మనుషులు కావాల్సిన నిర్ణయం అది. ఆ డిసెంబర్ 2న షికాగోలో ఎన్రికో ఫెర్మీ బృందం కట్టిన మొదటి అణు రియాక్టర్ పనిచేయగానే, అక్కడి పరిశోధనలు నడిపిన ఆర్థర్ కాంప్టన్ ఫోన్ చేసి సంకేత భాషలో కబురు చెప్పింది కూడా ఈయనకే.

ఇక అసలు విషయం. 1945 మే 31న అమెరికా యుద్ధమంత్రి స్టిమ్సన్ నడిపిన, అణుబాంబు విషయంలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే ఇంటెరిమ్ కమిటీ సమావేశం మినిట్స్ ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు. చాలామంది కార్మికులు పనిచేసే, చుట్టూ దగ్గరదగ్గరగా వాళ్ళ ఇళ్ళుండే ముఖ్యమైన యుద్ధ కర్మాగారం అన్నిటికన్నా తగిన లక్ష్యమని కోనంట్ సూచించారు, స్టిమ్సన్ ఒప్పుకున్నారు.

ఇది చదివిన తర్వాతే నేను హిరోషిమా మ్యూజియం చూశాను. అక్కడ ఒక బడిపిల్లాడి లంచ్ బాక్సు ఉంది. లోపలి తిండి మాడి నల్లటి బొగ్గయిపోయింది. వైమానిక దాడుల్లో మంటలు పాకకుండా ముందే ఇళ్ళు కూల్చి ఖాళీ జాగా చేసే పనికి బడిపిల్లల్ని పంపేవారు, ఆ పిల్లాడూ వాళ్ళలో ఒకడు. దాని ముందు నుంచి నాకు చాలాసేపు కాలు కదల్లేదు. కమిటీ మాట కర్మాగారం గురించే అయినా, బాంబు గురిపెట్టింది ఊరి నడిబొడ్డున ఉన్న వంతెనకి. ఊరి అంచున ఉన్న పెద్ద ఫ్యాక్టరీలు చాలావరకు దెబ్బతినలేదు.

యుద్ధం తర్వాత విమర్శలు పెరుగుతుంటే, బాంబు వాడకాన్ని సమర్థిస్తూ రాయమని స్టిమ్సన్‌ని పురమాయించింది కూడా కోనంటే. ఆ వ్యాసం 1947 ఫిబ్రవరిలో హార్పర్స్ పత్రికలో వచ్చింది.

1949లో హైడ్రోజన్ బాంబు వద్దని గట్టిగా వాదించినవాళ్ళలో ఆయన ముందున్నారు. అది జాతి నిర్మూలనకు ఆయుధం కావచ్చన్న నివేదిక మీద సంతకమూ పెట్టారు. దీన్ని కొందరు పశ్చాత్తాపంగా చూస్తారు. నేనలా అనుకోను. హిరోషిమా నిర్ణయాన్ని మాత్రం ఆయన తర్వాత కూడా సమర్థించుకుంటూనే వచ్చారు.